తప్పిన బంతికీ ఒక మార్కు

రాయపురం, మద్రాసు
1956 జూలై 19

తమ్ముడూ,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఉదయం హార్బరు నుంచి ఒక ముసలి దొర నిన్ను వెతుక్కుంటూ వచ్చాడు, అందుకే రాస్తున్నాను. హార్బరులో స్నేహమైందని నువ్వు చెబుతూ ఉండిన ఆస్ట్రేలియా ఫుట్‌బాల్ ఆటగాడు ఆయనే. ఇప్పుడు ఓడలో ఇంజినీరు. నువ్వు లేవని చెప్పగానే వాకిట్లోనే టోపీ తీశాడు.

లోపల కూర్చోబెట్టి ఇంగ్లీషులో అన్నీ అడిగాను. మైదానం కోడిగుడ్డు ఆకారంలోనే ఉంటుందట. జట్టుకు పద్దెనిమిది మందేనట. ఎదుటివాడి భుజాల మీద మోకాలానించి ఎగిరి బంతి పట్టడమూ నిజమే, ఆ ఫొటో చూపించాడు. తొమ్మిదేళ్లు ఆడి, మోకాలు చెడిపోయాక ఓడలెక్కాడట.

"గోలు తప్పి పక్క స్తంభాల మధ్య పోయినా ఒక మార్కు ఇస్తారా?" అన్నాను.

"నేను తెచ్చినవి ఎక్కువగా అవేనమ్మా" అని నవ్వాడు.

నేను తెలుగులో చెప్పగానే మనవరాలు కమల ఎగిరింది. "చూస్తివా అవ్వా! ఆడ తప్పినా మార్కంట. లెక్కల్లో నువ్వు నాకు సున్నానే వేస్తివే!"

ఈ ఒక్క మార్కు సంగతి చెప్పినందుకే పిల్లలందరి ముందు నిన్ను కోతలరాయుడన్నాను. ఆ తర్వాత నువ్వు ఆ ఆట ఊసెత్తలేదు. ఇంట్లో మాత్రం ఎవరు అబద్ధం చెప్పినా దానికి ‘తాత గోలు’ అనే పేరు నిలిచిపోయింది.

ఇక జరగవలసినవి:

1. ‘తాత గోలు’ అన్న మాట ఈ ఇంట్లో ఇక వినపడకూడదు.
2. నీ మాట నిజమని, తప్పు నాదని పిల్లలకు నేనే చెప్పాలి.
3. శనివారం ఓడ కదిలేలోగా ఆయనను భోజనానికి పిలిచి, నువ్వు నా గురించి ఏమి చెప్పేవాడివో అడగాలి.

అక్క