గేటు ముందున్న ట్రక్కు

కౌంటీ కమిషనర్ గారికి,

మీ కొత్త మానసిక చికిత్సా కేంద్రం గేటు ముందున్న ఆకుపచ్చ ట్రక్కు నాదే. తీయమన్న మీ నోటీసు అందింది. ఎందుకు పెట్టానో చెప్పి మరీ తీస్తాను.

మా తమ్ముడు లానీకి మతిస్థిమితం లేదు. ఎవరో తనను వెంటాడుతున్నారంటాడు. నిరుడు కిరాణా కొట్లో కేకలు వేస్తే, మీ పోలీసులు "ఊరికే మాట్లాడి పంపించేస్తాం" అని తీసుకెళ్లి జైల్లో పెట్టారు. చలికాలమంతా వాడక్కడే ఉన్నాడు.

ఈసారి వాడు మళ్లీ కేకలు వేస్తే, యూనిఫాం లేని ఒకావిడను మా ఇంటికి పంపారు. ఆవిడ మెట్ల మీద వాడి పక్కన కూర్చుని, "జైలుకు కాదు బాబూ, డాక్టరు దగ్గరికి" అంది. వాడు నమ్మి కారెక్కాడు. నేను నమ్మలేదు. ట్రక్కులో వెంబడించాను. కారు జైలు మలుపు దాటి ఇక్కడికే వచ్చింది. అయినా నేను చూపు మరల్చగానే వాణ్ణి జైలుకు తరలిస్తారేమోనని ఇక్కడే కాపలా ఉన్నాను.

నిన్న లానీ గేటు దాకా వచ్చాడు. "అక్కా, ఎవరో నా వెంట పడుతున్నారని ఇన్నేళ్లూ మొత్తుకుంటే నమ్మావా? ఇప్పుడు చూడు, నిజంగానే పడ్డారు. అది నువ్వే. ఇంటికి పో" అని నవ్వాడు. వాడు నవ్వి ఎన్నాళ్లయిందో.

అందుకని ట్రక్కు తీస్తున్నాను. రోడ్డుకు అవతలి పక్కన పెడతాను. అక్కడ పెట్టకూడదని మీ బోర్డేమీ లేదు, చూసుకున్నాను.

ఇట్లు,
లానీ అక్క