బంతి నేల విడవకూడదు

సెప్టెంబర్ 4, సోమవారం

సీజన్ మొదటి ఆటే ఓడిపోయాం. ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. నా భార్య మార్లీస్ ప్రతి సోమవారంలాగే మాంసం, బీన్స్ కలిపి చిలీ వండింది, పక్కన దాల్చినచెక్క రోల్స్. మామగారు తిని, మూతి తుడుచుకుని, ఉప్పు సీసా, మిరియాల సీసా, రెండు చెంచాలు బల్ల మీద పేర్చారు. ఉప్పు సీసా క్వార్టర్‌బ్యాక్. బంతి మొదట దాని చేతికే వస్తుంది, ఎవరికివ్వాలో అదే తేలుస్తుంది.

"ఇలా వచ్చాడు. మిరియాలకి అందించాడు. వాడు చంకలో పెట్టుకుని సందులోకి దూరాడు. ఇందులో తప్పెక్కడుంది?" అన్నారు.

తప్పు లేదన్నాను.

లైల్ హాస్కెల్ అని నా పేరు చెబితే ఈ ఊళ్లో ఎవరికీ పట్టదు. వెర్నన్ క్రెబ్స్ అల్లుడంటే పెట్రోలు బంకులో కూడా కాఫీ పోసిస్తారు. ఇక్కడి కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకి ఆయన హెడ్ కోచ్‌గా ఉన్నప్పుడు నేను ఆటగాడిని, తర్వాత అసిస్టెంటుని, తర్వాత అల్లుడిని. ఆయన దిగిపోయాక జట్టూ, ఇల్లూ, సిద్ధాంతమూ కట్టకట్టి నాకే వచ్చాయి. ఇల్లరికపుటల్లుడికి ఇంకేం కావాలి.

సిద్ధాంతం చిన్నదే. బంతి నేల విడవకూడదు. ముందుకి విసరొద్దు, చేతికిచ్చి పరిగెత్తించు. గాలిలో ఉన్న బంతి ఎవడిదైనా కావచ్చు, చంకలో ఉన్నది మనదే. స్టేడియం గేటు మీద ఇత్తడి అక్షరాల్లో పెట్టారు దాన్ని. రోజూ దాని కిందనుంచే పనికి వెళ్తాను.

సెప్టెంబర్ 13, బుధవారం

టెవిన్ బ్రూసార్డ్ ఈ రోజు అందరి ముందూ నిలదీశాడు. మా క్వార్టర్‌బ్యాక్. లూసియానా నుంచి నేనే తెచ్చాను. వాడి భుజం చూసి తెచ్చాను. ఇంటి ముందు నిలబడి బంతి విసిరితే వీధి చివర చెత్తడబ్బాలో పడేది. అందుకే తెచ్చానని ఇక్కడ ఎవరికీ చెప్పలేదు.

"కోచ్, వాళ్లు తొమ్మిదిమందిని ముందే గోడకట్టి నిలబెడుతున్నారు. వెనక మైదానమంతా ఖాళీ. మా బామ్మయినా అక్కడికి విసిరేస్తుంది."

"అయితే శనివారానికి మీ బామ్మని పిలిపించు" అన్నాను.

అందరూ నవ్వారు. వాడు నవ్వలేదు. "ఆ ఖాళీ మీకు కనిపిస్తోందా లేదా, అది చెప్పండి చాలు."

కనిపిస్తోందన్నాను.

"మరి?"

ప్రాక్టీసు అయిపోయిందని ఈల ఊదాను.

కనిపించకేం. నేను ఆడే రోజుల నుంచీ కనిపిస్తోంది. ఎదుటివాడు మైదానం నాలుగు మూలలా కాపలా కాయాల్సి రావాలి, అప్పుడే అలిసిపోతాడు. మనుషులు లేని చోటికి బంతి వెళ్లాలి. నా నమ్మకమంతా ఇంతే. పెళ్లయిన కొత్తలో మార్లీస్‌కి చెప్పాను. బాగుంది, నాన్న దగ్గర మాత్రం అనకు అంది. అనలేదు.

సెప్టెంబర్ 24, ఆదివారం

మళ్లీ ఓటమి. టెవిన్‌కి పక్కటెముకలు దెబ్బతిన్నాయి. మా పద్ధతిలో క్వార్టర్‌బ్యాక్ బంతి ఇచ్చినా ఇవ్వకపోయినా ఎవడో ఒకడు వాడి మీద పడతాడు. నిన్న ప్రతిసారీ పడ్డారు. లేచినప్పుడల్లా వాడు నావైపు చూశాడు. నేను చేతిలో ఉన్న కాగితం వైపు చూశాను.

మామగారు అన్నారు, కుర్రాడు గట్టివాడే, ఇంకా వంగి పరిగెత్తడం నేర్పమని.

సెప్టెంబర్ 26, మంగళవారం

కాలేజీ ఆటలన్నీ చూసే అథ్లెటిక్ డైరెక్టర్ పామెలా పిలిచింది. నవ్వుతూనే మాట్లాడింది. ఇలాగే సాగితే వచ్చే ఏడాది సంగతి కష్టమంది. పద్ధతి మార్చి చూస్తానన్నాను.

"అయ్యో, అలా అనకండి. కొత్త లాకర్ రూము కట్టించేవాళ్లంతా మీ మామగారిని చూసే ముందుకొచ్చారు."

"అంటే గెలవాలి, కానీ ఏదీ మార్చకూడదు."

"నా నోటితో చెప్పించకుండా మీరే అర్థం చేసుకున్నారు" అంది.

సెప్టెంబర్ 27

కారు పార్కింగులో పెట్టి, ఇంజను ఆపకుండా కూర్చున్నాను. ఎటు వెళ్లాలో తోచక.

అక్టోబర్ 6, శుక్రవారం

మామగారి చెల్లెలు డెన్వర్‌లో పోయింది. మార్లీస్ ఆయన్ని కారులో తీసుకెళ్తోంది. నేను ఈ మైదానంలో ఉండగా కోచ్‌గానో గ్యాలరీలోనో ఆయన లేని శనివారం ఇంతవరకూ రాలేదు.

బయల్దేరే ముందు మార్లీస్ కారు అద్దం దించింది. నీకు తోచినట్టు ఆడించు అంది. నాన్న రేపు రేడియోలో ఆట వింటాడు అని కూడా అంది. రెండూ ఒకే గొంతుతో అంది.

అక్టోబర్ 7, శనివారం

విసిరాం.

మొదటిసారి టెవిన్ చెవిలో చెప్పినప్పుడు వాడికి అర్థం కాలేదు. మళ్లీ చెప్పమన్నాడు. మళ్లీ చెప్పాను. "పెద్ద కోచ్‌కి తెలుసా?" అన్నాడు. నువ్వు విసురు అన్నాను. బంతి పైకి లేచింది. స్టేడియంలో అందరూ తలలెత్తి చూస్తున్నారు, ఎప్పుడూ చూడనిది చూస్తున్నట్టు. అటు చివర మావాడు ఒంటరిగా పరిగెడుతున్నాడు. చుట్టుపక్కల మనిషి లేడు. బంతి వాడి చేతుల్లో పడ్డాక అరుపులు మొదలయ్యాయి, ఇక ఆగలేదు. టెవిన్ పక్కటెముకలు పట్టుకుని నవ్వుతూ నా దగ్గరికొచ్చాడు. వాడి మీద ఎవడూ పడలేదు. సగం ఆటకే అవతలి జట్టు తల వేలాడేసింది. ఇన్నేళ్లూ నిజమే అనుకున్నది నిజమేనని తెలిస్తే ఇంత భయం వేస్తుందనుకోలేదు.

అక్టోబర్ 8, ఆదివారం

వచ్చారు. మామగారు టోపీ తీయకుండా నేరుగా తన గదిలోకి వెళ్లారు. మొదటి పాస్ విసరగానే రేడియో కట్టేశారట. దారంతా మాట్లాడలేదట.

"చెల్లెలు పోయిన బాధేమో" అన్నాను.

"అవును, అదే అనుకో" అంది మార్లీస్.

అక్టోబర్ 23, సోమవారం

వరసగా గెలుస్తున్నాం. విసురుతూ గెలుస్తున్నాం. ఆకాశంలో బంతి బొమ్మ వేసిన చొక్కాలు కుర్రాళ్లు వేసుకు తిరుగుతున్నారు. గేటు మీది ఇత్తడి అక్షరాలకి అడ్డంగా ఎవరో బ్యానర్ కట్టారు. పామెలా విప్పించలేదు. దాతలకి కొత్త పద్ధతి తెగ నచ్చిందట.

మంగలి షాపులో ముసలి ఒర్విల్ నా జుట్టు కత్తిరిస్తూ, "మీ మామ ఉన్నన్నాళ్లూ శనివారం మధ్యాహ్నం హాయిగా కునుకు పట్టేదయ్యా" అన్నాడు. అందరూ నవ్వారు. పోయిన నెల వరకూ మామగారు కుర్చీలోంచి లేస్తే తలుపు తీసి పట్టుకున్నది వీళ్లే. నేను కూడా నవ్వాను. ఇంటికొచ్చాక ఆయన మొహం చూడలేకపోయాను.

సోమవారాలు కూడా మామగారు తన గదిలోనే తింటున్నారు.

నవంబర్ 4, శనివారం

పొద్దుటి నుంచీ గాలి. జెండా కర్ర వంగిపోయింది. ఆటకి ముందు టెవిన్ విసిరిన బంతి సగం దూరంలో పక్కకి కొట్టుకుపోయింది. ఇలాంటి రోజున విసరడం పిచ్చితనం. పరిగెత్తించాను. మొత్తం ఆట పరిగెత్తించాను. ఆరుకి మూడుతో గెలిచాం.

మా అభిమానులే అరిచి గేలి చేశారు. గెలిచిన కోచ్‌ని.

టెవిన్ హెల్మెట్ బెంచీ మీద పడేశాడు. "ఇప్పుడు మీరూ ఆయనే అయ్యారా?"

"గాలి చూడలేదా?"

"ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటుంది కోచ్, మీకు" అన్నాడు.

ఇంటికొచ్చేసరికి మామగారు హాల్లో ఉన్నారు. దాదాపు నెల తర్వాత మొదటి మాట. "నాకోసం ఆడించావా?"

"కాదు. గాలి కోసం."

ఆయన గదిలోకి వెళ్లిపోయారు. ఏం వినాలనుకున్నారో తెలీదు.

నవంబర్ 14, మంగళవారం

ఐదేళ్ల కాంట్రాక్టు ఇస్తున్నారు. అందులో ఒక షరతు ఉంది. జట్టు ప్రధానంగా పాస్‌తోనే ఆడాలి. వకీలు భాషలో రాశారు గానీ భావం అదే. వాన, మంచు, గాలి ఏమైనా సరే.

రోజు చూసుకుని ఆడించాలి కదా అన్నాను. "లైల్, జనం చూడ్డానికొచ్చేది మీరు కనిపెట్టిందే కదా" అంది పామెలా.

మార్లీస్‌ని అడిగాను. "సంతకం పెట్టకపోతే ఎక్కడికి వెళ్తావు? ఈ ఊరు తప్ప నీకింకేం తెలుసు?" అంది. దెప్పడానికి కాదు. నిజంగానే అడిగింది.

సంతకం పెట్టాను.

డిసెంబర్ 5, మంగళవారం

టెవిన్ వెళ్లిపోతున్నాడు. పెద్ద కాలేజీ వాళ్లు పిలిచారు, వాళ్లూరికి దగ్గర. వాళ్లమ్మ ప్రతి ఆటకీ రావచ్చు. ఆఫీసుకొచ్చి తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"ఆ రోజు గాలి ఎక్కువే కోచ్. ఒప్పుకుంటున్నా."

"వెళ్లు. బాగా విసురు" అన్నాను. కౌగిలించుకున్నాడు. వాడి పక్కటెముకలు గుర్తొచ్చి గట్టిగా పట్టుకోలేదు.

మిగిలినవాళ్లలో బంతిని తిన్నగా విసరగలిగినవాడు ఒక్కడూ లేడు. ఐదేళ్లు.

డిసెంబర్ 10, ఆదివారం

మధ్యాహ్నం మామగారు కోటు వేసుకుని, బంతి చంకలో పెట్టుకుని, రా అన్నారు. మైదానానికి వెళ్లాం. మంచు, ఎవరూ లేరు. ఆయన నడుచుకుంటూ దూరంగా వెళ్లి ఇటు తిరిగారు. చెయ్యి వెనక్కి లాగి విసిరారు. బంతి సన్నగా సుళ్లు తిరుగుతూ, ఒక్క వణుకు లేకుండా వచ్చి నా గుండెలకి తగిలింది. అంత అందమైన పాస్ టెవిన్ చేతి నుంచి కూడా నేను అందుకోలేదు.

ఈ చెయ్యి ఇన్నేళ్లూ ఎందుకు దాచుకున్నారని నేను అడగలేదు. ఆయన చేతులు చాపి, తిరిగి తనకి వెయ్యమన్నారు.