పన్నులో సిమెంటు విరిగిన కేసు

బుధవారం, పొద్దున పది గంటలు

పళ్ళ కాలేజీ ఆసుపత్రి పెద్ద డాక్టరు గారికి,

నమస్కారాలు. తమరు చల్లగా ఉండాలి. నేను మాత్రం నిన్నటి నుంచి కుదురుగా లేను. నాకు చదువు రాదు, నేను చెప్తుంటే మా మనవరాలు రాస్తోంది. ఒక్క మాట తగ్గించినా ఊరుకోనని దానికి ముందే చెప్పాను.

నిన్న సిమెంటు విరిగిందని వచ్చి నేను కుర్చీలో నోరు తెరుచుకుని ఉండగానే మీరు నా దవడ పన్నులోంచి విరిగిన ముక్కని పట్టకారుతో తీసి, మీ దగ్గర చదువుకునే పదిమంది పిల్లల ముందు ఎత్తి చూపించారు. సోమవారం నా పన్ను బాగుచేసిన పిల్లని పట్టుకుని, సిమెంటు పెట్టడం కూడా చేతకాదు, నువ్వేం డాక్టరువన్నారు. ఆ పిల్ల చేతిలో అద్దం లాక్కున్నారు. ఈ ఏడాది ఇక రోగిని ముట్టుకోవద్దు, పరీక్షకి కూర్చోవద్దు అన్నారు. ఆ పిల్ల ఏడవనైనా లేదు డాక్టరు గారూ, వంగి కింద పడ్డ దూది ఏరుకుంటూ ఉండిపోయింది. అది చూశాక నాకు ముద్ద దిగలేదు.

నలభై ఏళ్ళు ఇళ్ళకి గచ్చు చేశాను, బండలు పరిచాను. చెయ్యి చూస్తే పనిమంతులెవరో నాకు తెలుస్తుంది. సోమవారం ఆ పిల్ల పుచ్చంతా తవ్వి, తడి లేకుండా ఆరబెట్టి, వెండిరంగు సిమెంటు కొంచెం కొంచెంగా పెట్టి మూలమూలలా కూరింది. మా మేస్త్రీకి కూడా అంత ఓపిక లేదు. పైగా నాకు పాఠం చెప్పింది. అమ్మమ్మా, ఇది రేపటికి నమిలే బరువంతా మోస్తుంది, ఇవాళ మాత్రం పచ్చిది, దెబ్బ తగిలితే పెళుసుగా విరుగుతుంది, ఆ పక్క నమలకు అంది. నేను నమల్లేదు. పొద్దుగూకేదాకా పాలే తాగాను. ఒట్టు.

మరి తప్పెవరిది? మీ సరుకు పాతబడిందేమో ముందు అది చూసుకోండి. పిల్ల మీద ఎగరడం ఎవరికైనా తేలికే. దాని చదువు దానికివ్వండి.

ఇట్లు,
మీ కుర్చీలోంచి మాట్లాడకుండా లేచొచ్చిన ముసలమ్మ
(వేలిముద్ర)

తా.క.: రాసింది చదివి వినిపించమన్నాను. ఒట్టు అన్న చోట మనవరాలు ఆగి నా మొహంలోకి చూసింది. నమల్లేదన్నది నిజమే. కానీ సోమవారం ఇంటికి రాగానే స్టీలు గరిటె కాడతో ఆ సిమెంటు మీద కొట్టి చూశాను. బండ పరిచాక కింద బోలుందేమోనని తాపీ పిడితో కొట్టి వింటాం, ఎవరి పనీ కొట్టి వినందే నేను నమ్మను. రెండుసార్లు నిండుగా పలికింది. మూడోసారి గట్టిగా కొట్టాను. ఫట్‌మంది. నిన్న మీరు అరుస్తున్నంతసేపూ ఈ సంగతి నాకు తెలుసు. తప్పు నాదని ఎవరి ముందూ అన్న అలవాటు లేక నోరు పెగల్లేదు. సరుకు పాతదన్న ముక్క కొట్టెయ్యమంటే మనవరాలు కొట్టెయ్యనంటోంది. ఉండనీండి, నేనెలాంటిదాన్నో మీకూ తెలియాలి. ఇది మీరొక్కరే చదువుకుని సొరుగులో పడెయ్యకండి. రేపు పొద్దున్నే వస్తున్నాను. అందరి ముందూ నిన్నటి గొంతుతోనే చదవండి. ఆ పిల్లని ముందు వరసలో నిలబెట్టండి.