యాదగిరి ఇవాళ దాచలేదు

మంగళవారం, రాత్రి

ఫిల్మ్ నగర్ హాల్లో, గురువారం షూటింగ్ ఉన్న సినిమా పాటకి రిహార్సల్ చేయిస్తుంటే యాదగిరి మధ్యలో ఆగిపోయాడు. నేను డాన్స్ మాస్టర్‌ని అయినప్పటి నుంచి, పన్నెండేళ్లుగా నా గ్రూప్‌లో డాన్సర్. మోకాలి దెబ్బకి మొదలుపెట్టిన నొప్పి ఇంజెక్షన్లు వ్యసనమై, ఐదు నెలలు డీఅడిక్షన్ సెంటర్‌లో ఉండి, పోయిన నెలే తిరిగొచ్చాడు.

"అక్కా, జర బయటికి వస్తవా?" అన్నాడు. మెట్ల మీద కూర్చున్నాక మెల్లగా చెప్పాడు. "మోకాలు మళ్లీ గుంజుతుంది. పొద్దటిసంది సూదే యాదికొస్తుంది. ఏసుకోలే. ఒక్కణ్నే ఇంటికి పోతే ఏసుకుంటనేమోనని భయమైతుంది."

మునుపైతే నవ్వుతూ అబద్ధం చెప్పి బాత్రూంలోకి పోయేవాడు. రిహార్సల్ ఆపేసి, బంజారా హిల్స్‌లో అతన్ని చూసే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. ఆమె మోకాలికి వేరే మందు రాసి, గంటసేపు మాట్లాడింది. "నోరు తెరిచి సాయం అడిగాడు, అదే పెద్ద సంగతి" అంది నాతో.

కారులో వాళ్లింటికి వెళ్లే దారిలో అడిగాడు, "గురువారం పాటల నన్ను తీసేస్తవా అక్కా?"

ఆ మోకాలితో ఆడలేడు. కానీ తీసేస్తే, నిజం చెప్పినందుకే పని పోయిందనుకుంటాడు. ఇంకోసారి చెప్పడు.

"ఆడొద్దు. నా పక్కన నిలబడి మిగతావాళ్ల స్టెప్పులకి కౌంట్లు చెప్పు" అన్నాను. కిటికీ వైపు తిరిగి ఏడ్చాడు. వాళ్లావిడ పని నుంచి వచ్చేదాకా వాళ్లింట్లోనే కూర్చున్నాను.

పాటలో ఒక డాన్సర్ తగ్గాడని నిర్మాతకి ఏం చెప్పాలో ఇంకా తెలీదు. యాదగిరిని మాత్రం రేపు పొద్దున ఎనిమిదింటికి రిహార్సల్‌కి రమ్మన్నాను.