క్షయ చావులు తగ్గాయన్న రోజు

చిత్తూరు, 1978 నవంబరు, శుక్రవారం రాత్రి

దేశంలో క్షయతో చనిపోయేవాళ్లు ఏటికేడు తగ్గుతున్నారని పొద్దున మీటింగులో డాక్టరుగారు చెప్పారు. నిజమే. నేను నర్సుగా చేరిన కొత్తలో మా వార్డు నుంచి శవం లేవని వారం ఉండేది కాదు. ఇప్పుడు ఒక్క చావూ లేకుండా నెలలు గడుస్తున్నాయి. వింటూ సంతోషపడ్డాను కూడా.

మధ్యాహ్నం నగరి నేతపనివాడు మునుసామి పోయాడు. కిందటేడు మా దగ్గరే కోలుకుని, నడిచి ఇంటికి వెళ్లినవాడు. సూదులు మధ్యలో ఎందుకు మానేశాడని అతని భార్య కుప్పమ్మను అడిగాను.

"దగ్గు తగ్గిపాయ కదా నర్సమ్మా. ఇంగెందుకులే అని మగ్గమెక్కినాడు. నేనూ సరే అంటి."

ఆ మాట అంటూనే కొంగు అడ్డం పెట్టుకుని దగ్గింది. ఎన్నాళ్లనుంచి అంటే, వానల్లో పట్టుకుందని చెప్పింది. కళ్లె పరీక్షకు ఇచ్చి పొమ్మన్నాను.

"ముందు ఈయన్ని ఇంటికి తీసకపోవాల కదమ్మా. అంతా అయినాక వస్తాలే."

బలవంతం చేయడానికి నోరు రాలేదు. కర్మాంతరాలు అయ్యేదాకా ఎలాగూ రాదు. ఆ తర్వాతా రాకపోతే నేనే నగరి వెళ్లాలి. వయసు మీదపడి ఒళ్లు సహకరించడం లేదు, అయినా వెళ్తాను. క్షయ వార్డు నర్సు వాకిట్లో నిలబడితే, వీధి వీధంతా చూస్తుండగా ఆమె తలుపు తీస్తుందో లేదో...