మంచం కింది రవాన్

రోజీ అక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నీ శవపేటికను మారిషస్ విమానం ఎక్కించారు కానీ, నీ రవాన్‌ను దానితో పంపనివ్వలేదు. ఆ మేకతోలు డప్పు అప్పటి నుంచి సౌదీలో మన ఖతీఫ్ ఉద్యోగినుల హాస్టల్లో నా మంచం కిందే ఉంది.

పొద్దున వార్డెన్ తాళాలగుత్తి ఊపుకుంటూ గదులు చూడటానికి వచ్చి, దాన్ని చెత్తలో పడేయమంది. నేను ఎప్పటిలాగే తల దించుకున్నాను. ఆమె వెళ్ళాక బయటికి తీసి ఒక్క దెబ్బ వేశాను.

"అట్టపెట్టె కొట్టినట్టుందేంటే!" అని నవ్వింది నా గదిలో ఉండే కరుణ.

గల్ఫ్ యుద్ధంలో సైరన్ మోగినప్పుడల్లా నువ్వు స్టవ్ వెలిగించి తోలు కాచేదానివి. "చల్లటి రవాన్ పాడదు చెల్లీ" అనేదానివి, మీ తాతల నాటి తెలుగులో. తర్వాత వార్డెన్ మీద అప్పటికప్పుడు పాట కట్టి మమ్మల్ని నవ్వించేదానివి. మీ ద్వీపంలో చెరకుతోటల బానిసలు దొరలను అలాగే వెక్కిరించేవారట.

వంటింట్లోకి వెళ్ళి మంట మీద తిప్పుతూ కాచాను. తోలు బిగిసింది. గదికి తెచ్చి వాయించాను.

"ఒసేయ్, పాస్‌పోర్టు మీద ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపేస్తారే!" అంటూ కరుణ గడియ పెట్టింది.

"దర్వాజా ఖోలో!" అని వార్డెన్ బయట నుంచి బాదింది.

కాన్వెంట్‌లో ప్రార్థనకి కూడా పెదవులు మాత్రమే కదిపిన నేను, ఆమె తాళాలగుత్తిని వెక్కిరిస్తూ గొంతెత్తి పాట కట్టాను. కరుణ కూడా అందుకుంది. పాట పూర్తయ్యాకే తలుపు తీశాను.

"దీన్ని పడేయను మేడమ్. కావాలంటే నన్ను పంపించండి."

పంపిస్తారో లేదో రేపు తెలుస్తుంది. నీ రవాన్ ఇప్పుడు మంచం కింద లేదక్కా. తలుపు తీయగానే కనబడేలా గోడకి తగిలించాను.

నీ చెల్లి