నాయన ఎక్కిన విమానం

బెంగళూరు,
4 ఫిబ్రవరి 2003

ప్రియమైన సుగంధి వదినకు,

నీ ఆడబిడ్డ నమస్కారాలు. అన్నయ్య, పిల్లలు కులాసా అని తలుస్తాను.

నేను పనిచేసే విమానంలోనే నాయనకు చెన్నైకి టికెట్టు ఇప్పించాను. ఆయన్ను ఎక్కించే పూచీ నీది. ఆ ఇంట్లో ఆయన వినేది నీ ఒక్కదాని మాటే. అది నీ సంగటి మహిమో, నీ నోటి మహిమో నాకు తెలియదు. విమానంలో టీలు అందించే పని పరువైనదేనా అని ఊళ్ళో గొణుగుతున్నారట, అన్నయ్య చెప్పాడు. నాయన ఒక్కసారి కళ్ళారా చూస్తే ఆ దిగులు పోతుంది.

ప్రేమతో,
నీ గడుగ్గాయి సుమ

కుందారపల్లి,
11 ఫిబ్రవరి

విమానాల రాణికి,

వదిన దీవెనలు. మామ వస్తానన్నాడు. అప్పుడే గంతులు వేయకు. గొర్రెలను పక్కింటి మారక్కకు అప్పజెప్పాడు, కొత్త చెప్పులు కూడా కొన్నాడు. కానీ ఆయనన్న మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"చూసొస్తాను సుగంధమ్మా. అది భయమైన పని అని నాకు తోస్తే మాత్రం బిడ్డను నా యెంబడే పిలుచుకొని వచ్చేస్తాను. ఎవురూ అడ్డం రాగూడదు."

కల్లావిలో నీకు ఒక సంబంధం కూడా చూసిపెట్టాడు. ఎంత వాదించినా ఈసారి నా నోరు పనిచేయలేదు. జాగ్రత్త తల్లీ. టీ ఎవరి మీదా ఒలకబోయకు.

నీ మేలు కోరే
సుగంధి

బెంగళూరు,
22 ఫిబ్రవరి

వదినా, నా బంగారు వదినా,

ఇది చదివి పొయ్యిలో వేసేయ్. నాయన ముందు నోరు విప్పకు.

డీజిలు మిగిల్చేందుకు ఇంజిన్ ఆపారని ఆయన మీతో చెప్పి ఉంటాడు. నిజం వేరే. బయలుదేరిన కాసేపటికి కుడి ఇంజిన్ చెడిపోయింది. కెప్టెన్ దాన్ని ఆపేసి, నాకు ఫోన్‌లో "ఒక్క ఇంజిన్‌తో బెంగళూరుకే వెనక్కి పోతున్నాం, జనాన్ని సిద్ధం చెయ్యి" అన్నారు. విమానం అలా దిగగలదు, మాకు శిక్షణ కూడా ఉంది.

టీ బండిని లోపలికి తోసి కట్టేశాను. చిన్న లోపం వల్ల వెనక్కి పోతున్నామని మైకులో చెప్పాను. అంతలో ఒకామె కిటికీలోంచి, రెక్క దగ్గర తిరిగే ఫ్యాను ఆగిపోవడం చూసి కేక పెట్టింది. అంతే, జనం బెల్టులు విప్పి లేచి నిలబడ్డారు. తలుపు వైపు తోసుకొస్తే ఎవరి కాళ్ళు చేతులు విరిగేవో!

అప్పుడు నాయన గట్టిగా అన్నాడు. "ఏం కాలేదు, కూచోండప్పా! డీజిలు మిగిలించేదానికి ఆపినారు. మా శూలగిరి దిగుడులో లారీవోళ్ళు దినామూ చేసే పనే గదా!" అదే మాట తమిళంలోనూ కన్నడంలోనూ చెప్పాడు. ఎవరో ఫక్కున నవ్వారు. ఒక్కొక్కరే కూర్చున్నారు. నేనూ, నాతో పనిచేసే లక్ష్మీప్రియా వరసలన్నీ తిరిగి అందరి బెల్టులూ బిగించాం. కెప్టెన్ ఎంత మెత్తగా దించారో! అందరూ చప్పట్లు కొట్టారు.

నాయనను బస్సెక్కించేటప్పుడు కూడా ఆ డీజిలు మాటే చెప్పాడు. పాపం, ఇంకా అదే నమ్ముతున్నాడు. నిజం తెలిస్తే నా ఉద్యోగం పోయినట్టే. నాకీ పని కావాలి వదినా. ఆ రోజు అది నాకు చేతనైంది.

నీ
సుమ

కుందారపల్లి,
2 మార్చి

మా సుమకు,

నన్ను తిట్టకు. నాకు నటన చేతకాదు. మామకు సంగటి వడ్డిస్తూ "డీజిలు బాగా మిగిలిందా మామా?" అని అడిగి, నవ్వు ఆపుకోలేకపోయాను. ఆయన చెయ్యి కడుక్కొని నిమ్మళంగా చెప్పాడు.

"ఆ పిల్ల నన్ను ఎర్రోడనుకుంది సుగంధమ్మా. బర్గూరులో రాళ్ళ లారీల మీద పనిచేసినోణ్ణి, ఇంజిను చచ్చిపోతే నాకు తెలీదా? నాకూ భయమైంది. బిడ్డ మొగం చూసినాను. నా పక్కనే పోయింది, నా తట్టు కూడా చూడలేదు. కేక పెట్టి ఏడ్చే ఆయమ్మ కాడికి పోయి చెయ్యి పట్టుకునింది. అందురూ లేచి నిలబడితే అది యాడ పని చేసేది? అందుకే నోటికొచ్చిన అబద్ధం చెప్పినాను."

"మరి దాన్ని ఎందుకు పిలుచుకొని రాలేదు?" అన్నాను.

"పిలుచుకొని వచ్చేదానికే పోయినాను. అంతమందిని పైనుంచి నేలకు తెచ్చిన బిడ్డను, రమ్మని చెప్పేదానికి నేనెవురు?" అన్నాడు. అన్నాక కళ్ళు తుడుచుకున్నాడు సుమా. నేనూ ఏడ్చాను.

కల్లావి వాళ్ళకు వద్దని కబురు పంపేశాడు. ఇప్పుడు మీ అమ్మను కూడా విమానం ఎక్కిస్తాడట. "మళ్ళీ ఇంజిను ఆగిపోతే?" అని భయపెట్టి చూశాను.

"నా బిడ్డ ఉంది గదా" అన్నాడు.

గర్వంతో,
నీ వదిన సుగంధి